అపస్మార నిర్ణయము: కుమ్మరి సారె నుండి విద్యుల్లేఖ వరకు

రోగములన్నిటిలో అపస్మారమునకు ఒక విచిత్ర లక్షణము కలదు. జ్వరముతో వచ్చిన రోగికి వైద్యుని యెదుట కూడ జ్వరముండును. విరిగిన యెముక వైద్యుడు చూచునప్పుడు కూడ విరిగియే యుండును. అపస్మార రోగి మాత్రము వైద్యుని గదిలో అడుగుపెట్టు వేళకు అందరివలెనే ఆరోగ్యవంతుడు. ఆతనిని పడవేసిన ఘటన ఒకటి రెండు నిమిషములలో ముగిసి, గంటలో దినములో గడచిపోయియుండును. దానిని అనుభవించిన రోగికే తరచు దాని జ్ఞాపకముండదు. కనుక తాను చూడనిదానిని, రోగి యెరుగనిదానిని వైద్యుడు మూడవవారి నోట విని తేల్చవలసి యున్నది.

ఆ తేల్చుట తప్పినచో నష్టము చిన్నది కాదు. ఉన్న రోగమును లేదన్నచో రోగి నీటిలోనో నిప్పులోనో పడవచ్చును. లేని రోగమును ఉన్నదన్నచో ఏండ్ల తరబడి అక్కరలేని మందులు మ్రింగవలెను. చదువు, ఉద్యోగము, వివాహము అన్నియు ఆ ఒక్క మాటచే మారిపోవును. మూడువేల సంవత్సరములుగా వైద్యులు ఈ చిక్కుముడిని విప్పుటకు చేసిన ప్రయత్నమే ఈ కథ.

పేరులోనే చిక్కు

క్రీ.పూ. 11వ శతాబ్దమున బాబిలోనియాలో రోగ లక్షణములనన్నిటిని నలుబది మట్టిపలకలపై సంకలనము చేసిరి. ఈ గ్రంథమునకు సకిక్కు అని పేరు. అందొక పలక పూర్తిగా ‘పడవేయు వ్యాధి’ని గూర్చినది. ప్రతి మూర్ఛకును ఒక భూతమునో దేవతనో కారణముగ చెప్పినను, ఆ లేఖకుల పరిశీలన మాత్రము నిశితమైనది. మూర్ఛ నిద్రలో వచ్చినదా, మెలకువలోనా? నవ్వుతో మొదలైనదా? ఆ సమయమున రోగికి తెలివి యున్నదా, లేదా? ఇట్టి భేదములను వారు వేరువేరుగ వ్రాసికొనిరి. తెలివి యున్నచో భూతము వదలునని, లేనిచో వదలదని వారి అభిప్రాయము. భూతము సంగతి యట్లుండగా, తెలివి నిలిచినదా తప్పినదా అను ఆ ప్రశ్నకు మాత్రము 2017లో ప్రకటితమైన అంతర్జాతీయ వర్గీకరణములో కూడ ముఖ్యస్థానము దొరకినది.

మన దేశములో చరక సంహిత అపస్మారమును స్మృతి తొలగిపోవు రోగముగ నిర్వచించి, వాత పిత్త కఫ సన్నిపాత భేదములచే నాలుగు విధములుగ విభజించినది. పడిపోవుటకు ముందు రోగికి కానవచ్చు లేని రూపములను కూడ అది లెక్కించినది. వాతజమున నల్లనివి, పిత్తజమున పచ్చనివి, నెత్తుటి రంగువి, కఫజమున తెల్లనివి కానవచ్చునట. మూర్ఛ తీరిన పిమ్మట రోగి నిద్ర నుండి లేచినట్లు మేల్కొనుననియు చెప్పినది. నటరాజ విగ్రహములలో శివుని పాదము క్రింద అణగియున్న మరుగుజ్జునకు అపస్మారుడని పేరుండుట పలువు రెరిగినదే.

అంతకంటె ముఖ్యమైన మాట సూత్రస్థానములో నున్నది. అక్కడ ‘మూర్ఛ’ అను వేరొక రోగమును వర్ణించుచు, దానిలో సన్నిపాతజమైనది అచ్చముగ అపస్మారమువలెనే మనిషిని పడవేయునని, కాని అపస్మారమునందలి బీభత్స చేష్టలు, అనగా కాలుసేతులు కొట్టుకొనుట వంటివి, ఇందుండవని చరకుడు చెప్పెను. ఒకే తీరున కానవచ్చు రెండు రోగములను విడదీయుటకు ఒక గీటురాయిని చూపుట ఇది.

తెలుగు వాడుకలో ఈ గీత చెరిగిపోయినది. ఎండలో నిలబడి సొమ్మసిల్లిన బాలుని గూర్చియు ‘మూర్ఛపోయినాడు’ అందుము. అపస్మారముతో ఈడ్పులు వచ్చినవానికిని ‘మూర్ఛరోగ’ మందుము. పల్లెలలో కాకిసోమాల అను పేరు, పట్టణములలో ఫిట్సు అను పేరు కలవు. పేర్లిన్ని యున్నను, పడిన ప్రతివాడును ఒకే రోగముతో పడలేదన్న సంగతిని ఇవి చెప్పజాలవు.

మేక తలలో సాక్ష్యము

క్రీ.పూ. 400 ప్రాంతమున గ్రీసులో హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో నొకటి ఈ రోగమునకే యంకితమైనది. దానిని ఆ దేశీయులు ‘పవిత్రవ్యాధి’ యని పిలుచుచుండిరి. ఆ గ్రంథకర్త ఈ పేరునే ఖండించెను. తమకు తెలియనిదానిని దేవునిపై త్రోయుటకే మంత్రగాండ్రు ఈ పేరు పెట్టిరని, ఈ రోగమునకు స్థానము మెదడని ఆయన వాదము. దానికి సాక్ష్యముగ, ఈ వ్యాధి తగిలిన మేకల తలలను కోసి చూచినచో మెదడు నీటితో నిండి దుర్గంధము కొట్టుచుండునని వ్రాసెను. మేకలకును గొర్రెలకును మెదడులో ఒక జాతి బద్దెపురుగు పిల్లదశ నీటితిత్తిగా పెరుగుట, దానిచే అవి తిరిగి తిరిగి పడిపోవుట ఈనాటి పశువైద్యు లెరిగినదే. గ్రీకు వైద్యుడు చూచినది బహుశః అదియే కావచ్చును. పురుగునకును మూర్ఛకును గల సంబంధము ఈ కథలో మరల రానున్నది.

న్యాయస్థానములో రోగ నిర్ణయము

రోమను సామ్రాజ్యములో సభ జరుగుచుండగ నెవరైన ఈ వ్యాధితో పడినచో ఆనాటికి సభను నిలిపివేయుచుండిరి. అందుచే దీనికి సభావ్యాధి యను పేరు వచ్చెను. బానిసల అంగడిలో ఈ రోగమును కనిపెట్టుట ధనముతో ముడిపడిన పని. గగాటీసు అను నల్లరాతిని కాల్చి ఆ పొగ పట్టించినచో రోగి పడునని కొనుగోలుదారులు నమ్ముచుండిరి.

క్రీ.శ. 158–159 ప్రాంతమున ఉత్తర ఆఫ్రికాలోని సబ్రాత నగరమున ఒక విచారణ జరిగెను. ముద్దాయి అపులియసు అను రచయిత. ధనవంతురాలైన ఒక వితంతువును ఆయన మంత్రములచే వశపరచుకొని పెండ్లాడెనని ఆమె బంధువులు అభియోగము తెచ్చిరి. నిరూపణముగ, థాల్లసను బాలుడు ఈయన యెదుట నేలపై బడి తెలివి తప్పెనని చెప్పిరి. మంత్రప్రయోగమునకు ఆనాడు మరణశిక్ష పడవచ్చును. అపులియసు తన వాదమున, ఆ బాలుడు దినమునకు మూడు నాలుగు సారులు పడునని, వానితోడి బానిసలందరును ఆ సంగతి నెరుగుదురని సాక్ష్యము చూపెను. ‘వానిని పడవేయుటకు మంత్రమెందుకు? గగాటీసు పొగ చాలును. తిరుగుచున్న కుమ్మరి సారె చాలును’ అను భావమున ఆయన వాదించెను.

అపులియసు నిర్దోషిగ విడుదలయ్యెననియే చరిత్రకారుల అభిప్రాయము. ఆయన వాదములో రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, రోగమును నిరూపించినది చూచినవారి సాక్ష్యము. రెండవది, మూర్ఛను రప్పించి పరీక్షించు ఆలోచన. సారె సంగతి వింతగ తోచవచ్చును. కాని మినుకుమినుకుమను వెలుతురుచే కొందరు రోగులకు మెదడులో అలజడి పుట్టును. నేటి పరీక్షాగారములలో రోగి కన్నుల యెదుట దీపమును వేగముగ మినుకరించుట ఒక నియమిత పరీక్ష.

డాక్టర్ జెడ్

తరువాతి పెద్ద అడుగు 19వ శతాబ్దమున లండనులో పడినది. పక్షవాత, అపస్మార రోగులకై అక్కడ నెలకొల్పిన జాతీయ వైద్యశాలలో జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ 1862లో చేరెను. ఈడ్పు ఎక్కడ మొదలైనది, ఎటు ప్రాకినది అని ఆయన రోగులను, బంధువులను ఓపికతో అడుగుచుండెను. కొందరిలో అది బొటనవ్రేలిలో మొదలై, చేతి మీదుగా ముఖమునకు ప్రాకుచుండెను. మెదడులో శరీరభాగములకు వేరువేరు తావులున్నవని, అందొకచోట బూడిదవన్నె పదార్థము హఠాత్తుగ, అతిగ విసర్జన చేయుటయే మూర్ఛయని ఆయన నిర్ణయించెను. 1870లో బెర్లినులో ఫ్రిచ్, హిట్జిగ్ అనువారు కుక్క మెదడుపై విద్యుత్తును తాకించి కాళ్లను కదలించుటతో ఈ ఊహకు బలము చేకూరెను.

జాక్సన్ రోగులలో ‘డాక్టర్ జెడ్’ అను మారుపేరుతో ప్రసిద్ధుడైన యొకడు స్వయముగ వైద్యుడు. ఆయన నేలపై పడడు, కాలుసేతులు కొట్టుకొనడు. ఒక్కసారిగా ఏదో పూర్వము జరిగినదే మరల జరుగుచున్నట్లు తోచి స్వప్నావస్థలో మునుగును. పైకి మాత్రము పని చేయుచునే యుండును. ఒకనాడాయన ఒక రోగిని పరీక్షింపబోవుచుండగ ఆ అవస్థ వచ్చెను. తెలివి వచ్చిన పిమ్మట చూచుకొనగా, ఎడమ ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా యని తన చేతనే వ్రాసిన నిర్ణయము కానవచ్చెను. తాను ఎప్పుడు పరీక్షించెనో, ఎప్పుడు వ్రాసెనో ఆయనకు జ్ఞాపకము లేదు. రోగిని మరల పరీక్షించి చూడగా ఆ నిర్ణయము సరియైనదే. 1894లో ఆయన చనిపోయిన పిమ్మట మెదడును పరీక్షింపగా, ఎడమ కణత లోపలి మడతలో ఒక చిన్న భాగము మెత్తబడి కుళ్లియుండెను. నేలపై పడకయు, ఈడ్పులు లేకయు అపస్మార ముండవచ్చునని ఇట్లు రుజువయ్యెను.

దీని రెండవ ముఖము కూడ అప్పటికే తెలియవచ్చినది. నాడి మిక్కిలి మందగించినవారు తెలివి తప్పి ఈడ్పులతో పడుటను డబ్లినులో రాబర్ట్ ఆడమ్స్ 1827లోను, విలియం స్టోక్స్ 1846లోను వర్ణించిరి. అక్కడ దోషము గుండెలోనిది. 1907లో విలియం గవర్స్ ‘అపస్మారపు సరిహద్దు భూమి’ యను అర్థము వచ్చు పేరుతో ఒక గ్రంథమునే వ్రాసి, సొమ్మసిల్లుట, తలత్రిప్పుట, పార్శ్వపు తలనొప్పి, నిద్రాదోషములు అపస్మారముగ భ్రమింపజేయు తీరును వివరించెను.

బెర్గర్ గీసిన అలలు

చూచినవారి మాటపై ఆధారపడకుండ మెదడునే అడుగుటకు వీలు లేదా? 1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ల, కోతుల మెదళ్లలో సూక్ష్మమైన విద్యుత్ప్రవాహములను గమనించెను. మానవునిలో దానిని పట్టినవాడు జర్మనీలోని యేనా నగరపు మనోవైద్యుడు హాన్స్ బెర్గర్. యౌవనమున సైన్యశిక్షణలో నుండగ ఆయన గుర్రము పైనుండి పడి, ఫిరంగిబండి చక్రము క్రింద నలుగక తప్పించుకొనెను. ఆ సాయంకాలమే ఇంటి నుండి క్షేమమడుగుచు తంతి వచ్చెను. సోదరికి ఆనాడు కారణము లేకయే భయము పుట్టినదట. మనస్సుల నడుమ ఏదో శక్తి ప్రసరించుచున్నదని ఆయన నమ్మి, ఆ శక్తికై వెదకుచు మెదడు విద్యుత్తును చేరెను.

1924లో, పుర్రెలో కొంత భాగము శస్త్రచికిత్సచే తొలగింపబడిన ఒక యువకుని తలపై ఎలక్ట్రోడులుంచి ఆయన మొదటి లేఖను పొందెను. ఐదేండ్లు పరీక్షలు చేసి చేసి 1929లో గాని ప్రకటింపలేదు. కన్నులు మూసికొని నెమ్మదిగ నున్న మనిషి మెదడు నుండి సెకనుకు సుమారు పది అలలు వెలువడుచున్నవి. వాటి ప్రమాణము వోల్టులో పదిలక్షల వంతులతో కొలువదగినంత స్వల్పము. పలువు రది పరికర దోషమనిరి. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనువారు అదే ఫలితము పొందిన పిమ్మట సందేహములు తొలగెను. మరుసటి సంవత్సరమే బోస్టనులో గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అనువారు, కొన్ని క్షణములు కన్నార్పక నిలిచిపోవు చిన్నమూర్ఛలలో సెకనుకు మూడుసారులు మొన, అల, మొన, అల యని గీత నడచుటను ప్రకటించిరి. తరగతిలో పరాకుగ నున్నాడని దండింపబడు బాలునిలో రోగమును కాగితముపై చూపుటకు వీలయ్యెను.

అయితే నిర్ణయమనునది ఎవరి చేతిలో నున్నదో కూడ చరిత్ర అడుగును. 1933 జూలైలో జర్మనీ నాజీ ప్రభుత్వము చేసిన చట్టములో, నిర్బంధముగ సంతానహీనులను జేయవలసిన రోగముల పట్టికలో వంశపారంపర్య అపస్మారము చేరినది. ఈ చట్టము క్రింద వేరువేరు కారణములచే శస్త్రచికిత్సకు గురియైనవారు దాదాపు 4 లక్షలు. అట్టి నిర్ణయములు చేయు న్యాయసభలో బెర్గర్ కూడ సభ్యుడుగ పనిచేసెను. 1941లో మనోవ్యాధితో ఆయన ఆత్మహత్య చేసికొనెను. రోగులకు వెలుగు చూపిన పరికరమును కనుగొన్న చేయియే ఆ తీర్పులలోను పాల్గొన్నది.

యంత్రమునకును హద్దు కలదు

విద్యుల్లేఖ వచ్చినంతనే చిక్కు తీరినదని కొందరు తలచిరి. కాని అది తీసిన అరగంట సేపు మెదడు ప్రశాంతముగ నున్నచో గీతయు ప్రశాంతముగనే యుండును. అపస్మారమున్న వారిలో సుమారు సగము మందికి మొదటిసారి తీసిన లేఖలో దోషము కానరాదు. ఇందుకు విరుద్ధముగ, రోగమే లేనివారిలో దోషము కానరావచ్చును. బ్రిటిష్ వైమానిక దళమునకు అభ్యర్థులైన 13,658 మంది ఆరోగ్యవంతుల లేఖలను పరిశీలించి 1993లో ప్రకటించిన ఫలితములలో 69 మందికి అపస్మారమునందు వచ్చు మొనలు కానవచ్చెను. ఆ పిమ్మట వారిలో మూర్ఛలు వచ్చినది ఒక్కనికే.

చరకుని గీటురాయికి కూడ 1994లో ఒక పరీక్ష యెదురయ్యెను. జర్మనీలో ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులను వేగముగ ఊపిరి పీల్చునట్లు చేసి, కూర్చున్నవారిని హఠాత్తుగ లేపి, ఊపిరి బిగబట్టించి, సొమ్మసిల్లజేసిరి. పూర్తిగ తెలివి తప్పిన 42 మందిని వీడియోలో పరిశీలింపగా, నూటికి 90 మందిలో కాలుసేతుల అదురుపాటు కానవచ్చెను! తెలివి తప్పినది సుమారు 12 సెకనులు మాత్రమే. పలువురి కన్నులు తెరచియే యుండెను. కనుక అదురుపాటు కనబడినంతనే అపస్మారమనుట తగదు. ఎంతసేపు, ఎట్లు మొదలైనది, పిమ్మట ఎంతసేపు తికమకపడెను అనునవియే ప్రశ్నలు. లివర్‌పూల్‌లోని ఒక ప్రత్యేక చికిత్సాలయమున 1999లో ప్రకటించిన పరిశీలనలో, మందులకు లొంగని అపస్మారమని పంపబడిన రోగులలో దాదాపు నాల్గవ వంతునకు ఆ రోగమే లేదని తేలెను. గుండె లయదోషములు కొన్ని కుటుంబములలో ప్రాణాంతకములు. వాటిని అపస్మారమని మందులిచ్చుచున్నచో అసలు రోగము దాగిపోవును. అందుచేతనే మొదటిసారి పడిన రోగికి గుండె విద్యుల్లేఖ కూడ తప్పక తీయవలెనని వైద్యుల నియమము.

వేలూరు పాఠము

1971లో లండనులో హౌన్స్‌ఫీల్డ్ కనుగొన్న సి.టి. యంత్రముతో తొలి రోగి మెదడు చిత్రము తీయబడినది. 1980 దశకమున మన నగరములలో ఈ పరీక్ష వ్యాపించినకొలది ఒక వింత కానవచ్చెను. మూర్ఛలతో వచ్చిన పలువురి మెదడులో రెండు సెంటీమీటర్లకు లోబడిన ఒకే యొక చిన్న ఉంగరము. మన దేశములో క్షయ విస్తారము గనుక దానిని క్షయకంతి యని భావించి నెలల తరబడి క్షయ మందులు వాడించుచుండిరి, ఉంగరము మాయమగుచుండెను, నిర్ణయము సరియైనదని తృప్తిపడుచుండిరి. అయితే మందు లేకయే మాయమైనవియు కలవు.

చిత్తూరు జిల్లా రోగులకు చిరపరిచితమైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చాందీ, రాజశేఖర్ అను శస్త్రవైద్యులును వారి సహచరులును అట్టి ఉంగరముల నుండి ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. పెక్కింటిలో కానవచ్చినది క్షయ కాదు. పంది బద్దెపురుగు పిల్లదశ. 1991లో ఈ ఫలితములు ప్రకటితమైనవి. పురుగు చచ్చుచున్నప్పుడు చుట్టును లేచిన వాపే ఆ ఉంగరము. అది చాలమందిలో తనంతట తానే తగ్గును. పంది మాంసము ముట్టనివారికి కూడ, పురుగు గ్రుడ్లు కలిసిన నీటి వలన, కడుగని కూరల వలన, శుభ్రము లేని చేతుల వలన ఇది సోకును. అనగా ఇక్కడ సరియైన నిర్ణయము రోగి నొకనిని అక్కరలేని మందు నుండి తప్పించుటయే గాక, మరుగుదొడ్డియు మంచినీరును లేని గ్రామము వంక వ్రేలు చూపినది.

నిర్ణయము తరువాత

1976లో హిందూ వివాహ చట్టమునకు చేసిన సవరణము, తరచుగ అపస్మారము వచ్చుచుండుటను వివాహమునకు ఆటంకముగ చేర్చినది. అట్టి వివాహమును న్యాయస్థానమున రద్దుపరచుకొనుటకు వీలుండెను. 1999లో ఆ మాటను చట్టము నుండి తొలగించిరి. ఈ నడుమ ఇరువదిమూడేండ్లు, వైద్యుడు చీటిపై వ్రాసిన ఒక్క పదము ఒక కాపురమును కూల్చగలిగెను. ఆ భయముననే ఎన్నో కుటుంబములు, ముఖ్యముగ ఆడపిల్లల తలిదండ్రులు, రోగమును దాచి చికిత్సను వాయిదా వేయుచుండిరి. చట్టము మారినను ఆ భయము వెంటనే మారలేదు.

రోగ నిర్వచనము కూడ మారినది. 1909లో బుడాపెస్టున స్థాపింపబడిన అంతర్జాతీయ అపస్మార నిరోధక సంఘము 2014లో ఇట్లు నిర్వచించెను: ప్రత్యేక ప్రేరణ లేకుండ 24 గంటల యెడముతో రెండు మూర్ఛలు వచ్చుట, లేక ఒకటే వచ్చినను, రానున్న పదేండ్లలో మరల వచ్చు అవకాశము నూటికి 60 వంతులైనను ఉండుట, లేక అపస్మార జాతికి చెందిన ఒక ప్రత్యేక వ్యాధిలక్షణ సముదాయము తేలుట. జ్వరముతో పసిపిల్లకు వచ్చిన ఈడ్పు, చక్కెర తగ్గి వచ్చిన ఈడ్పు ఈ లెక్కలోనికి రావు.

ఇన్ని యంత్రములు వచ్చినను, మొదటి సాక్ష్యము నేటికిని చూచినవారిదే. అందుచేత ఒక మనిషి పడినప్పుడు చేతిలో తాళపుచెవులు పెట్టుట, ముక్కు వద్ద ఉల్లిపాయ నుంచుట, నోట చెంచా క్రుక్కుట వలన ప్రయోజనము లేదు, చివరిది అపాయకరము. ఒక ప్రక్కకు ఒత్తిగిలజేసి, తలక్రింద మెత్తని గుడ్డ నుంచి, గడియారము చూడవలెను. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి చేర్చవలెను. కన్నులు తెరచియున్నవా, తల యెటు తిరిగినది, ఏ ప్రక్క మొదట కదలినది, ముఖము పాలిపోయినదా నీలమైనదా అని గుర్తుంచుకొనవలెను. చేతిలో సెల్‌ఫోనున్నచో మరొకరు చిత్రము తీయుట వైద్యునికి గొప్ప సాయము. సబ్రాత న్యాయస్థానములో అపులియసును కాపాడినది థాల్లసుతో పాటు బ్రదికిన బానిసల సాక్ష్యము. నేడు రోగిని కాపాడునదియు అట్టి సాక్ష్యమే. ఇంటివారు చక్కగ చూచి ఉన్నదున్నట్లు చెప్పిననాడు వైద్యుని పని సగము తీరును.